చీకటి పడేలోగా ఎక్కడ దిగుతారు?
(బైకు యాత్రలు: సందేహాలు – సమాధానాలు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్ వైపు నుంచే. ఏ బండి కొనమంటారని అడిగినవాళ్లకు ఇక్కడ జవాబు లేదు. ఆ పని షోరూమ్ వాళ్లు సంతోషంగా చేస్తారు. ఉన్న బండితో బయలుదేరదామనుకునేవాళ్ల ప్రశ్నలే ఏరి పెట్టాను.

ప్రశ్న: పాశమైలారంలో ఒక ఫార్మా కంపెనీలో ఆపరేటర్‌ని. ఆరేళ్ల కిందటి 125 సీసీ బండి ఉంది. దసరాకు దోస్తును వెనక ఎక్కించుకొని గోవా పోవాలని ఉంది. 350 సీసీ లేకుంటే అంత దూరం పోలేవని అందరూ భయపెడుతున్నారు. శనివారం పొద్దున సి-షిఫ్ట్ దిగంగానే బయలుదేరితే ఆదివారం మధ్యాహ్నానికి చేరుకుంటామా?

జవాబు: బండితో ఇబ్బంది లేదు, ఇబ్బంది మీ షిఫ్టుతో. రాత్రంతా రియాక్టర్ దగ్గర నిలబడి పొద్దున ఆరింటికి దిగిన మనిషి తొమ్మిదింటిదాకా హుషారుగానే ఉంటాడు. పదకొండు దాటాక, ఎండ నెత్తికెక్కుతుంటే, కళ్లు తెరిచే ఉంటాయి గాని మెదడు మూడు నాలుగు సెకన్లపాటు నిద్రలోకి జారి వస్తుంది. జారిన సంగతి మనకే తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే దాదాపు 67 మీటర్లు. హుమ్నాబాద్ రోడ్డు మీద ఆ 67 మీటర్లలో ఒక ఆగిన లారీ ఉంటే చాలు. చాయ్ తాగితే సర్దుకుంటుందనుకోకండి. దాని పని మొదలవడానికే అరగంట పడుతుంది, అదీ కాసేపే. కాబట్టి శనివారం ఇంటికి వెళ్లి పడుకోండి. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరండి.

దారి చెబుతాను. సంగారెడ్డి నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద సదాశివపేట, జహీరాబాద్ దాటి హుమ్నాబాద్. అక్కడ ఎడమకు తిరిగితే కలబురగి, జేవర్గి మీదుగా విజయపుర. మొత్తం సుమారు 330 కిలోమీటర్లు. ఆగుతూ సాగుతూ పోయే 125 సీసీ బండికి గంటకు 45 కిలోమీటర్ల సగటు లెక్కేసుకోండి, అంతకంటే ఎక్కువ ఆశించొద్దు. అయిదింటికి బయలుదేరితే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా గోల్ గుంబజ్ కనిపిస్తుంది. ఆ రోజుకు అంతే. రెండో రోజు బెళగావి, మూడో రోజు పగటి వెలుగులో ఘాట్ దిగి గోవా. మూడు రోజులు పోను, మూడు రోజులు రాను. సెలవు అంత లేదంటే బీదర్, బసవకల్యాణ్ చూసి రండి. బాగుంటుంది.

ఇక దోస్తు సంగతి. చాలా 100, 125 సీసీ బండ్ల మాన్యువల్లో మోయగల బరువు 130 కిలోల దగ్గరే రాసి ఉంటుంది. మీరిద్దరూ ఎక్కగానే ఆ లెక్క అయిపోతుంది. దాని మీద బ్యాగులు, టెంటు అంటే వెనక టైరు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకులు అన్నీ అప్పులో పడ్డట్టే. అతనిదీ ఒక బండి ఉంటే రెండు బండ్ల మీద పోండి. చైన్‌కు 500 కిలోమీటర్లకోసారి లూబ్ వేయండి, బయలుదేరే ముందు బ్రేక్ షూలు, క్లచ్ కేబుల్ కొత్తవి వేయించి పాతవి దగ్గర ఉంచుకోండి. 350 సీసీ గురించి చెప్పినవాళ్లకు దారిలో ఫొటోలు పంపండి.

ప్రశ్న: సదాశివపేట దగ్గర టైర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. నా బండికి స్పోక్ చక్రాలు. దూర ప్రయాణానికి అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు వేయించాలా?

జవాబు: టైర్లు తయారుచేసేవాళ్లకు టైర్ల గురించి చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా అడిగారు గనుక. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, బండిని పక్కకు తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ట్యూబు అలా కాదు, ఒక్కసారిగా దిగిపోవచ్చు. మామూలు స్పోక్ చక్రంలో స్పోకుల రంధ్రాల గుండా గాలి పోతుంది కాబట్టి ట్యూబు తప్పదు. వేరే చక్రాలు వేయించడమంటే బేరింగులు, బ్రేకు, కొలతలు అన్నీ కుదరాలి. ఊళ్లో దొరికిన సెకండ్ హ్యాండ్ అల్లాయ్‌లు మాత్రం వద్దు. స్పోకులే ఉండనివ్వండి. ముందు, వెనక ఒక్కో ట్యూబు, రెండు టైర్ లీవర్లు, చిన్న పంపు పెట్టుకోండి. వెనక చక్రం విప్పి బిగించడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూడండి. నారాయణఖేడ్ రోడ్డు మీద వానలో నేర్చుకునే పని కాదది.

గాలి మాత్రం పొద్దున బండి కదలకముందే చూసుకోవాలి. మధ్యాహ్నం కాలిన టైరులో ఒత్తిడి పెరిగిందని గాలి తీసేసేవాళ్లను చూస్తుంటాను. రాత్రికి చల్లబడ్డాక ఆ టైరు మెత్తబడి ఉంటుంది. టైరు వయసు ఎలా తెలుస్తుందో మీకు చెప్పక్కర్లేదు గాని మిగతా పాఠకుల కోసం: పక్క గోడ మీద చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం.

ప్రశ్న: జోగిపేట మాది. ఇద్దరం మిత్రులం టెంటు కొన్నాం. పెద్ద యాత్రకు ముందు ఒక రాత్రి సింగూరు నీళ్ల ఒడ్డున వేసి చూడాలనుకుంటున్నాం. అనుమతి కావాలా? ఏమేం పెట్టుకోవాలి?

జవాబు: నీళ్ల ఒడ్డున వద్దు. సింగూరు ఆనకట్ట నుంచి కింద మంజీర బరాజు దాకా ఉన్న సుమారు 36 కిలోమీటర్ల నది 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. అభయారణ్యం పెట్టిందే మగ్గర్ మొసళ్ల కోసం. రాత్రిపూట మొసలి ఒడ్డెక్కుతుంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అందులో టెంటు వేస్తే మొసలి ఊరుకున్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. ఆనకట్ట పైన ఉన్న నీళ్లలోనూ మొసళ్లు ఉంటాయి, ఆ ఊళ్లవాళ్లను అడగండి చెబుతారు. చేపలు పట్టేవాళ్లు పొద్దున వలలు తీసే చోట రాత్రి మనం పడుకోవడం ఏం తెలివి?

మరెక్కడ వేయాలి? మన దగ్గర పశ్చిమ దేశాల్లోలాగా డబ్బు కట్టి టెంటు వేసుకునే మైదానాలు రోడ్డు పొడవునా ఉండవు. ఉన్నవి వేరు: ధాబా వెనక ఖాళీ జాగా, బంకు పక్క స్థలం, గుడి ప్రాంగణం, రైతు పొలం. ప్రతిదానికీ ఒకటే షరతు, వెలుగుండగా చేరి మనిషిని అడగాలి. సాయంత్రం అయిదింటికి హెల్మెట్ తీసి, పేరు చెప్పి, ఊరు చెప్పి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఎనిమిదింటికి టార్చిలైటు వేసుకొని పొలంలో తిరిగితే దొంగలనుకుంటారు. అనుకోవడంలో తప్పులేదు.

పొలంలో అడగడం మర్యాద కోసమే కాదు. అడవి పందులు రాకుండా కొందరు చేను చుట్టూ చట్టవిరుద్ధంగా కరెంటు తీగ లాగుతారు. రాత్రికి సరఫరా ఇస్తారు. ఆ తీగలు తగిలి మనుషులు చనిపోయిన వార్తలు మన జిల్లాల్లో కొత్త కాదు. ఆ తీగ ఎక్కడుందో రైతుకే తెలుసు. చెరుకు తోట గట్టు మీదా వద్దు, ఎలుకలుంటాయి, వాటి కోసం రక్తపింజరి వస్తుంది. టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి, పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి.

నేల చూసుకోండి. జహీరాబాద్, కోహీర్ వైపు ఎర్ర నేల, కింద రాయి. సన్నని అల్యూమినియం మేకులు వంగిపోతాయి, ఇనుప మేకులు, చిన్న సుత్తి కావాలి. మేకులు లేకున్నా నిలబడే గుమ్మటం టెంటు అయితే ఇంకా మేలు. నారాయణఖేడ్ వైపు నల్లరేగడి. అక్కడ మేకు చక్కగా దిగుతుంది గాని రాత్రి వాన పడితే పొద్దున బండి పొలంలోంచి రోడ్డెక్కదు. రేగడి మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య గట్టిపడి చక్రాన్నే ఆపేస్తుంది. మబ్బు కనిపిస్తే బండి తారు రోడ్డు మీదే వదిలి సామాను మోసుకెళ్లండి.

చలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. డిసెంబరు, జనవరిలో రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్లలో కోహీర్ పేరు తరచూ వినిపిస్తుంది. కింద పరుచుకునే మ్యాట్ లేకుండా ఎంత ఖరీదైన స్లీపింగ్ బ్యాగ్ కొన్నా లాభం లేదు, ఎందుకంటే పైనుంచి వచ్చే చలి కంటే నేల లాగేసే వేడి ఎక్కువ. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. హాయిగా పడుకోగలిగేదే చూడండి, ప్రాణం నిలిచే హద్దును కాదు. ఎంత చలి ఉన్నా స్టవ్‌ను, బొగ్గుల కుంపటిని టెంటు లోపలికి తేకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మొదటి రాత్రికి నా సలహా: బీదర్ వెళ్లండి. మీ ఊరి నుంచి సగం రోజు ప్రయాణం కూడా కాదు. గురుద్వారా నానక్ ఝీరాలో యాత్రికులకు వసతి ఉంది, లంగర్‌లో భోజనం ఉంది. తలకు గుడ్డ కట్టుకొని, చెప్పులు బయట వదిలి, చేతనైన కానుక వేసి, తిన్నాక పళ్లాలు కడగడంలో ఓ చెయ్యి వేయండి. తర్వాతిసారి 161వ నంబరు రోడ్డు మీద నాందేడ్ దాకా వెళితే హుజూర్ సాహిబ్ దగ్గరా ఇదే ఆదరణ. టెంటు ముచ్చట ఇంటి మిద్దె మీద తీర్చుకోండి. చీకట్లో కట్టడం, తడి టెంటును మడవడం అక్కడే వచ్చేస్తాయి.

ప్రశ్న: రామచంద్రాపురంలో స్కూల్ టీచర్‌ని. స్కూటీ కాదు, బైకే నడుపుతాను. వేసవి సెలవుల్లో ఒక్కదాన్నే హంపి వెళ్లి రావాలని ఉంది. ఇంట్లో ఆడపిల్ల ఒంటరిగానా అంటున్నారు. ఏం చెప్పి ఒప్పించాలి?

జవాబు: అమ్మా, ఒప్పించడం నా వల్ల కాదు. ఒక సంగతి మాత్రం మీవాళ్లకు చూపించండి. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు బైకుల మీద బయలుదేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి సుమారు 17 వేల కిలోమీటర్లు తిరిగి వచ్చారు. ఆ నలుగురిలో ఒకరైన పియా బహదూర్ దాని మీద పుస్తకం కూడా రాశారు. వాళ్లు నలుగురు గదా, మా అమ్మాయి ఒక్కతే గదా అంటారు. న్యాయమే. అందుకే మొదటిసారి ఒక స్నేహితురాలిని వెంట తీసుకెళ్లండి, ఆమె బండి మీద ఆమె.

అసలు భయం ఊళ్ల మధ్య కాదు, రాత్రి ఎక్కడ దిగుతామన్నదే. గది ముందే తీసుకోండి, సాయంత్రం నాలుగుకల్లా చేరేలా దూరం కుదించుకోండి. ఫోన్‌లో లొకేషన్ ఇంట్లో ఒక్కరికే పంపండి. సోషల్ మీడియాలో మాత్రం ఊరు దాటాకే ఫొటో పెట్టండి. జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033, ఆపదలో 112. అయితే ఏప్రిల్, మే నెలల్లో హంపి రాళ్లు నిప్పుల కుంపటి. దసరా సెలవులకో సంక్రాంతికో మార్చుకోగలరా? ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడానికీ కాస్త సమయం దొరుకుతుంది.

ప్రశ్న: ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్‌లో దిగొచ్చా? టోల్ ఎంత? (ఇస్నాపూర్)

జవాబు: ఎక్కకూడదు. ఔటర్ ప్రధాన దారి మీదికి టూవీలర్లను రానివ్వరు, సర్వీసు రోడ్డే గతి. జాతీయ రహదారుల మీద మాత్రం టూవీలర్లకు టోల్ లేదు. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ రానివ్వరు, పుణె దాటి వెళ్లేవాళ్లు పాత రోడ్డు పట్టుకోవాలి. శ్రీశైలం వైపు వెళ్లేవాళ్లకు ఇంకో మాట: మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటిదాకా మూసేస్తారు. అవతల పులుల అడవి.

ప్రశ్న: సంగారెడ్డిలో డిప్లొమా చదువుతున్నాను. బైకు మీద ప్రపంచం చుట్టిన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా? నాకూ అదే కల.

జవాబు: ఉన్నారు. విశాఖపట్నం మనిషి భరద్వాజ్ దయాల. 2006లో విశాఖ నుంచి ఒంటరిగా బయలుదేరి ఏడాదిన్నరలో 16 దేశాలు, 47 వేల కిలోమీటర్లు తిరిగారు. బండి ఏమిటో తెలుసా? హీరో హోండా కరిజ్మా. అప్పట్లో మన కాలేజీ పిల్లలు నడిపిన బండే.

కలకు అడ్డుపడేది బండి కాదు, కాగితం. చాలా దేశాల్లో బండిని లోపలికి తీసుకెళ్లాలంటే కార్నే అనే పత్రం కావాలి. బండిని ఆ దేశంలో అమ్మేయకుండా తిరిగి తెస్తానన్న హామీ అది. మన దేశంలో ఆటోమొబైల్ సంఘాలు ఇస్తాయి, బండి విలువను బట్టి పెద్ద మొత్తం డిపాజిట్టో బ్యాంకు గ్యారంటీయో అడుగుతాయి. నేపాల్‌కు ఆ బెడద లేదు, సరిహద్దులో రోజుల లెక్కన రుసుము కట్టి పోవచ్చు. మీ మొదటి పరాయి దేశం అదే అయితే మంచిది. ఈలోగా పాస్‌పోర్టు, పక్కా లైసెన్సు, డిప్లొమా మూడూ చేతికి రానివ్వండి.

ప్రశ్న: ఎద్దుమైలారంలో ఉంటాను. 53 ఏళ్లు, బీపీకి మందు వాడుతున్నాను. రిటైర్ కాకముందే లడఖ్ చూడాలి. బండిని రైల్లో పంపొచ్చా?

జవాబు: పంపొచ్చు. సికింద్రాబాద్‌లోనో నాంపల్లిలోనో పార్సిల్ ఆఫీసు ఉంటుంది. ఆర్సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు పట్టుకొని ఒకటి రెండు రోజుల ముందే వెళ్లండి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. ప్యాకింగ్ స్టేషన్ దగ్గరే చేస్తారు, అద్దాలు, ఇండికేటర్లు మీరే విప్పి బ్యాగులో వేసుకోండి. ఢిల్లీలో దించుకొని అక్కడి నుంచి నడపండి.

ముందు డాక్టరును కలవండి, బీపీ మందు పేరు చెప్పి మరీ అడగండి. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో సగమే. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి ఆ పలచని గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గించుకుంటుంది, మన ఊపిరితిత్తులకు మాత్రం రోజులు కావాలి. అందుకే మనాలి దారిలో కాకుండా శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్లండి, ఎత్తు మెల్లగా పెరుగుతుంది. లేహ్ చేరాక రెండు రోజులు ఎక్కడికీ కదలొద్దు. తలనొప్పి, వాంతులు తగ్గకపోతే పైకి వెళ్లడం మానేసి కిందికి దిగాలి, దానికి మించిన మందు లేదు. తిరిగి వచ్చేటప్పుడు మనాలి దారి పట్టొచ్చు.

చివరగా ఫోను. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో, లడఖ్‌లో పనిచేయదు. బయలుదేరే ముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి. పల్లెల్లోనూ సిగ్నల్ అందే అవకాశం ఎక్కువ కాబట్టి రెండో సిమ్ బీఎస్ఎన్ఎల్‌ది పెట్టుకోండి, అదీ పోస్ట్‌పెయిడే. సిగ్నల్ లేని రోజులు ఎటూ ఉంటాయి, ఏ రోజుల్లో ఫోన్ రాదో ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి.