ఇంట్లో డౌన్ సిండ్రోమ్ బిడ్డ, ఆఫీసులో ఇయర్ ఎండింగ్

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డో, తమ్ముడో, చెల్లో ఇంట్లో ఉండి, పొద్దున్నే డ్యూటీకి పోవాల్సినవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. పక్కింట్లో జలుబు నాలుగు రోజులు ముక్కు కారి పోతుంది. మనింట్లో అదే జలుబు మూడో రోజుకి నెమ్ములోకి దిగొచ్చు, మర్నాటికి ఆక్సిజన్ పెట్టాల్సి రావచ్చు. చాలామంది మొదటి రెండు రోజులు జలుబే కదా అని లీవు దాచుకుంటారు. తర్వాత పది రోజులు ఐసీయూ బయట కూర్చుంటారు, జీతం కోత పడుతుంది. లీవు వాడాల్సింది ఆ మొదటి రెండు రోజుల్లోనే.

కారణం తెలిస్తే పై ఆఫీసరుకి చెప్పడం కూడా తేలిక. 21వ క్రోమోజోము రెండు ఉండాల్సింది మూడు ఉండడం వల్ల వీళ్లలో రోగనిరోధక శక్తి పనిచేసే తీరే వేరు. శ్వాసనాళాలు సన్నం. కండరాల పట్టు తక్కువ, అందుకే గట్టిగా దగ్గి కఫం బయటికి తేలేరు. దాదాపు సగంమందికి పుట్టుకతోనే గుండెలో రంధ్రమో ఇంకో లోపమో ఉంటుంది. అది సరిచేయించకపోతే ఊపిరితిత్తుల మీద భారం ముందే పడి ఉంటుంది. పాలు, నీళ్లు తాగేటప్పుడు మాటిమాటికీ పొలమారేవాళ్లకి ఆ కాస్తా ఊపిరితిత్తుల్లోకి జారి, నెమ్ము తిరగబెడుతూ ఉంటుంది. పొలమారడం చిన్న విషయమని డాక్టరుకి చెప్పకుండా ఉండకండి. పెద్దవాళ్ల సంగతి కోవిడ్ బయటపెట్టింది. 2020లో బ్రిటన్‌లో 80 లక్షల పైచిలుకు పెద్దవాళ్ల రికార్డులు పరిశీలిస్తే, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరే ప్రమాదం నాలుగు రెట్లు, చనిపోయే ప్రమాదం పది రెట్లు ఎక్కువని తేలింది. జలుబుకి ఇంత హడావుడా అని అడిగే సెక్షన్ హెడ్‌కి ఈ లెక్క చెప్పండి.

జ్వరం కోసం ఎదురు చూడొద్దు. వీళ్లకి గట్టి ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఒళ్లు పెద్దగా కాలకపోవచ్చు. ఆయాసంగా ఉందని నోటితో చెప్పరు. అన్నం వద్దంటారు, రోజూ అల్లరి చేసే పిల్లాడు ఓ మూల పడుకుంటాడు. చొక్కా విప్పి చూడండి. బిడ్డ నిద్రలో ఉండగా ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40 చేరితే వేగం ఎక్కువైనట్టే, ఆ పూటే డాక్టరుకి చూపించాలి. డొక్కలు లోపలికి పీకుతున్నా, పెదవులు నీలంగా మారినా, ఊపిరికి మూలుగుతున్నా ఇక లెక్కలతో పనిలేదు, 108కి ఫోన్ చేయండి. ఆక్సీమీటరు కొనుక్కుంటే మంచిదే. కానీ గుండె లోపం ఉన్న బిడ్డకి మామూలు రోజుల్లోనే తక్కువ చూపించొచ్చు. బాగున్న రోజు ఎంత ఉందో రాసిపెట్టుకుని, ఎంతకి పడితే బయల్దేరాలో మీ డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. రాత్రి రెండింటికి మీరు ఆఫీసులో ఉన్నా, ఇంట్లో ఉన్న అమ్మమ్మకి ఆ చీటీ పనికొస్తుంది.

ఇక డబ్బు సంగతి. ఓ కేసు అనుకుందాం. రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్లో గుమస్తా, జీతం 16,000. ఈఎస్ఐ పరిమితి 21,000 కాబట్టి నెలనెలా 0.75 శాతం కోత పడుతూనే ఉంది. కానీ పాప పేరు ఈఎస్ఐ రికార్డులో ఎక్కలేదు, ఆధార్‌లో స్పెల్లింగ్ వేరు. రాత్రికి రాత్రి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి, సేటు దగ్గర చేబదులు తెచ్చి అడ్వాన్సు కట్టాడు. తర్వాత బిల్లులు పెడితే పాప మీ కుటుంబంలో లేదని అవి తిరిగొస్తాయి. ఈ రికార్డు సరిచేయించడం జలుబుల సీజన్ రాకముందే చేసుకోవాల్సిన పని. వైకల్యంతో పూర్తిగా మన మీదే ఆధారపడ్డ సంతానానికి, పెద్దయినా ఈఎస్ఐ వైద్యం ఆగదు. అయితే సిక్‌నెస్ బెనిఫిట్ అనే నగదు మాత్రం మన ఒంటికి జబ్బు చేస్తేనే ఇస్తారు, బిడ్డకి చేస్తే రాదు. ఆ పది రోజుల జీతం తేడాకి విడిగా కొంత పక్కన పెట్టుకోవాల్సిందే.

కంపెనీ గ్రూప్ మెడిక్లెయిమ్ ఉన్నవాళ్లకి ఇంకో చోట దెబ్బ తగులుతుంది. చాలా పాలసీల్లో పిల్లలు 25 ఏళ్లకి జాబితా నుంచి రాలిపోతారు. వైకల్యం ఉన్న డిపెండెంట్‌ని ఆ తర్వాత కూడా ఉంచుతారా అని హెచ్ఆర్‌ని మెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి. సొంతంగా పాలసీ తీసుకుంటే డౌన్ సిండ్రోమ్ సంగతి దాచకండి, దాస్తే క్లెయిమ్ పోతుంది. వైకల్యం ఉన్నవాళ్ల కోసం ప్రతి బీమా కంపెనీ ఓ పాలసీ పెట్టి తీరాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023 ఫిబ్రవరిలో చెప్పింది, అదే అడగండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా కూడా ఉంది. ఏడాదికి లక్ష దాకా, ముందస్తు వైద్య పరీక్షలు లేకుండా. లక్ష ఐసీయూకి చాలదు, అయినా వదులుకోవద్దు. వీటన్నిటికీ మూలం వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు. వార్డు సచివాలయంలో అడిగి ఈ నెలలోనే ఆ పని మొదలుపెట్టండి.

కేంద్ర ప్రభుత్వంలో, ప్రభుత్వ బ్యాంకుల్లో ఉన్నవాళ్లకి దారి కాస్త మెరుగు. వైకల్యం ఉన్న బిడ్డని చూసుకునే ఉద్యోగికి రొటీన్ బదిలీ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని కేంద్ర సిబ్బంది శాఖ (డీవోపీటీ) 2014 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది, 2018లో దాని పరిధి పెంచింది. బ్యాంకుల వాళ్లు తమ బదిలీ పాలసీలో ఆ క్లాజు ఎలా రాశారో చూసుకోవాలి. ఇవ్వొచ్చు అన్నారు గానీ ఇచ్చి తీరాలి అనలేదు. బదిలీల లిస్టు వచ్చాక పరిగెత్తే బదులు ముందే సర్టిఫికెట్‌తో అర్జీ పెట్టి ఇన్‌వర్డ్ నంబరు తీసుకోవాలి. ప్రమోషన్ వదులుకోమని మాత్రం నేను చెప్పను. జీతం పెరగడం కూడా ఆ బిడ్డకి వైద్యమే. రంపచోడవరం బ్రాంచి ఇస్తే రాత్రిపూట అక్కణ్నుంచి రాజమండ్రి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కేసుకుని సంతకం పెట్టండి. చైల్డ్ కేర్ లీవు కేంద్రంలో 730 రోజులు, మన ఆంధ్రప్రదేశ్‌లో 180 రోజులు. రెండూ మహిళలకీ ఒంటరి తండ్రులకీ మాత్రమే. భార్య ఉన్న మగవాళ్లు ఈఎల్ సంక్రాంతికి ఖర్చు పెట్టకుండా దాచుకోవాలి.

లీవు అడిగేటప్పుడు కన్నీళ్లు కాదు, వివరాలు పెట్టండి. "సార్, మా అబ్బాయికి నెమ్ము అనుమానం, డౌన్ సిండ్రోమ్ కాబట్టి ఈ పూటే చూపించాలి. రేపటి రీకన్సిలియేషన్ షీటు షేర్డ్ ఫోల్డర్లో పెట్టాను. పార్టీల ఫోన్లు ఫలానా ఆయన తీస్తారు. సాయంత్రం ఐదుకి మళ్లీ చెప్తాను." ఇంత చాలు. ఐదుకి చెప్తానన్నవాళ్లు ఐదుకి చెప్పాలి. అలా రెండుసార్లు చేస్తే మూడోసారి అడిగే పని పడదు.

ఆఫీసు వదల్లేక చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. మందుల షాపులో అజిత్రోమైసిన్ అడిగి తెచ్చి వేసేయడం, వీధి చివర ఇంజెక్షన్ చేయించి డ్యూటీకి పోవడం ఈ బిడ్డల విషయంలో పనికిరాదు. రెండు రోజులు తగ్గినట్టు కనిపించి, మూడో రోజు చెయ్యి దాటిపోతుంది. పసిబిడ్డకి స్నానం చేయించాక సాంబ్రాణి పొగ పట్టడం కూడా మానండి, పెద్దవాళ్లు ఏమన్నా సరే. ఐసీయూలో గొట్టం వేయాల్సి వస్తే డౌన్ సిండ్రోమ్ అని, మెడ ఎముకలు వదులుగా ఉండొచ్చని మత్తు డాక్టరుకి మీరే గుర్తు చేయండి.

టీకాల్లో న్యుమోకాకల్‌ది ఇప్పుడు ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. ఆరు వారాలకి, 14 వారాలకి, తొమ్మిదో నెలలో. ఫ్లూ టీకా అందులో లేదు, ఏటా సొంత డబ్బుతో వేయించాలి. తొమ్మిదేళ్ల లోపు బిడ్డకి మొదటిసారైతే నెల తేడాతో రెండు డోసులు. బిడ్డని చూసుకునే మీరూ వేయించుకోండి, జలుబు ఇంటికి తెచ్చేది ఎక్కువసార్లు మనమే. వానలకి ముందు, ఏప్రిల్, మే నెలల్లో ఇది అయిపోవాలి. 2027లో గోదావరి పుష్కరాలు జూన్ ఆఖరులో మొదలవుతాయి. రాజమండ్రి అంతా జనం. మున్సిపాలిటీ, రైల్వే, ఆర్టీసీ, పోలీసు, ఆసుపత్రి సిబ్బందికి లీవులు దొరకవు. ఆ 12 రోజులు బిడ్డ దగ్గర ఎవరుంటారో, అవసరమైతే ఏ దారిన ఆసుపత్రికి పోతారో ఇంట్లో ముందే అనుకోండి. ఘాట్ దగ్గర జనంలోకి మాత్రం బిడ్డని తీసుకెళ్లొద్దు.