ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి అదుపు – కంప్యూటర్‌లో ఎలా అమర్చాలి?

రామగుండం ఎన్టీపీసీ నుండి 400 కె.వి. వద్ద బయలుదేరే కరెంటు మెట్టు మెట్టుగా 132, 33, 11 కె.వి.కి దిగి ఊళ్లకు వస్తుంది. యాసంగిలో జమ్మికుంట చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే వోల్టేజి పడిపోతుంది. మోటారు ఎక్కువ కరెంటు గుంజి కాలిపోతుంది. దీన్ని ముందే లెక్కగట్టడానికి ఇంజనీర్లు లోడ్ ఫ్లో సాఫ్ట్‌వేర్ వాడతారు.

132/33 కె.వి. ట్రాన్స్‌ఫార్మర్‌కు, లోడు ఆపకుండానే చుట్లు మార్చే ట్యాప్ ఛేంజర్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో దానికి నాలుగు సంగతులు చెప్పాలి:

1. ఏ వైపు వోల్టేజిని కాపాడాలి (ఇక్కడ 33 కె.వి. వైపు).
2. అది ఎంత ఉండాలి.
3. ఒక్కో ట్యాప్ మెట్టు ఎంత, మొత్తం మెట్లు ఎన్ని.
4. ఎంత తేడా వరకు ట్యాప్ కదలకూడదు.

నాలుగోదాని దగ్గర పొరపాటు సులువుగా జరుగుతుంది. మెట్టు 1.25 శాతమైతే 33 కె.వి.లో సుమారు 0.41 కె.వి. మీరు ±0.2 ఇస్తే మొత్తం 0.40 మాత్రమే. మెట్టు ఎక్కితే ఎక్కువ, దిగితే తక్కువ. ట్యాప్ ఊగుతూనే ఉండవచ్చు, లెక్క తేలదు. ±0.33 ఇస్తే 0.66 అవుతుంది; ట్యాప్ నిలుస్తుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. పొలం గట్టు మీది చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు సాధారణంగా ఈ ఏర్పాటు ఉండదు. సబ్‌స్టేషన్‌లో అంకె బాగుందని ఆగవద్దు. లైను చివరి రైతు మోటారు దగ్గర ఎంత ఉందో చూసినప్పుడే మన లెక్క పూర్తయినట్టు.