లెక్కయు సత్యమే: తొలి జీతమందుకొను యువజనుల కొక పాఠము

కల్యాణ నగరమున బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు భాండాగారాధికారిగా నుండెను. రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని గిట్టనివారు రాజునకు చాడీలు చెప్పిరి. ధనాగారమును తెఱచి లెక్క చూడగా కొఱత కనబడలేదు. పాల్కురికి సోమనాథుని బసవ పురాణము చెప్పు ఈ కథలో భక్తులు మహిమను దర్శింతురు. యువజనులు దీనినుండి మఱియొక పాఠమును గూడ గ్రహింపవలెను: ఎవరెప్పుడు అడిగినను లెక్క చూపగలవాడు ఎవరికిని వెఱవ నక్కఱలేదు.

ఉదాహరణమునకు ఒక యువకుని గైకొనవచ్చును. జహీరాబాదు ప్రాంతపు గ్రామమునుండి హైదరాబాదునకు తొలి ఉద్యోగమునకై వచ్చినాడు. దురలవాట్లు లేవు, కష్టపడి పనిచేయును. అయినను ఇరువదవ తేదీ నాటికి చేతిలో సొమ్ముండదు. ఒకనాడు తల్లి ఫోను చేసి, తండ్రి కంటి మందులకు రెండు వేలు కావలెనని అడిగెను. "ఇంకా జీతం పడలేదమ్మా" అని అతడు పలికెను. జీతము ఇరువది దినముల క్రిందటనే వచ్చినది. కాయకము సత్యముగా చేసినవాడు కన్నతల్లితో అసత్యమాడవలసి వచ్చినది. దీనికి మూలము దుర్బుద్ధి కాదు, లెక్క లేమియే.

1. వచ్చునది ఎంత?

నియామక పత్రములో వ్రాసిన జీతము వేఱు, చేతికి వచ్చు సొమ్ము వేఱు. ఇతని జీతము 25,000 రూపాయలు. అందు భవిష్యనిధికి 1,800, వృత్తి పన్నుకు 200 పోగా చేతికి వచ్చునది 23,000. బడ్జెట్టు ఈ 23,000తోనే ఆరంభము కావలెను. రాబోవు బోనసును, స్నేహితుడు తిరిగి ఈయవలసిన బాకీని వచ్చుబడిలో చేర్చరాదు.

2. పోవుచున్నది ఎచటికి?

మొదటి నెల దేనిని మార్చ నక్కఱలేదు, వ్రాసిన చాలును. రాత్రి శయనించుటకు ముందు చిన్న పుస్తకములో ఆ దినపు ఖర్చులన్నింటిని, పది రూపాయల తేనీటితో సహా, వ్రాయవలెను. పూర్వము జేబులోని నోటు తఱిగినప్పుడు చేతికే తెలిసెడిది. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట ఫోను చూపిన చాలును, సొమ్ము పోయినట్లే తోచదు. అందుచేత కలముతో వ్రాయుట నేడు మఱింత అవసరము.

ఆ యువకుడు నెల వ్రాసి చూచుకొనగా, ఫోను ద్వారా తెప్పించుకొన్న భోజనములకే 3,800 పోయినట్లు తేలెను. హాస్టలులో ఆ పూటల భోజనమునకు అతడు ముందే చెల్లించియుండెను. ఒకే ఆకలికి రెండు మాఱులు వెల యిచ్చినాడు! ఎవరును మందలింపకయే, పుస్తకమే అతనికి బుద్ధి చెప్పినది.

3. ఖర్చునకు ముందే పంపకము

మిగిలినది దాచుకొందమనువానికి మిగులునది ఉండదు. కావున జీతము వచ్చిన దినముననే పంచవలెను. హాస్టలునకు 7,000, రాకపోకలకు 1,500, ఫోనునకు 500, ఇంటికి 5,000: ఇవి తప్పనివి, మొత్తము 14,000. మిగిలిన 9,000లో పొదుపునకు 3,000, ఏడాది కొకటి రెండు మాఱులు వచ్చు ఖర్చులకు 2,000, దాసోహమునకు 500. ఇక నిలిచినది 3,500. అల్పాహారము, సబ్బు, బట్టలు, వినోదము అన్నియు ఇందులోనే జరుగవలెను. వారమునకు 800 చొప్పున తీసికొనిన, నెల చివరి రెండు మూడు దినములకు 300 మిగులును. ఈ సొమ్మును వేఱొక బ్యాంకు ఖాతాలో ఉంచి, ఫోను చెల్లింపులకు ఆ ఖాతానే జతపఱచిన హద్దు దాటుట కష్టమగును.

ఏడాది ఖర్చులను చాలమంది మఱతురు. జూన్‌లో చెల్లెలి చదువు రుసుము, దసరాకు బట్టలు, ఊరి జాతర—ఇవి పిడుగువలె పడునవి కావు. తేదీలు ముందే తెలిసినవి. నెలకు 2,000 తీసియుంచిన ఏడాదికి 24,000 సిద్ధముగా నుండును.

పొదుపులో మొదటి గమ్యము ఆపద్ధనము. తప్పని ఖర్చు నెలకు 14,000 కావున మూడు నెలలకు 42,000. నెలకు 3,000 చొప్పున పదునాలుగు నెలలలో అది సమకూరును. అది లేనివాడు అప్పును ఆశ్రయించును. పల్లెలలో 'మూడు రూపాయల వడ్డీ' యనిన పెద్దలు ఉలికిపడుదురు. క్రెడిట్ కార్డు బాకీపై వడ్డీ తఱచుగా అంతయో, అంతకు మించియో యుండును. ఏడాదికి నూటికి ముప్పదియాఱు! నగరములో ఆ వడ్డీ చల్లని మాటలతో వచ్చును గనుక యువకుడు ఉలికిపడడు.

4. చాలునను మాట

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏఱి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు మామూలుకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ సంతసింపక, మించిన బియ్యమును తెచ్చిన చోటనే వేసి రమ్మని పంపెను. ఆ యింటికి ఎంత కావలెనో ఆ యిల్లాలికి తెలియును. ఆ కొలత తెలియుటయే బడ్జెట్టునకు ప్రాణము.

అట్లైన దాచుకొనుట దోషము కాదా యను శంక కలుగవచ్చును. లక్కమ్మ తిరస్కరించినది అక్కఱకు మించిన దానిని. రేపటి వైద్యమునకై దాచిన సొమ్ము అక్కఱలోనిదే. అది పరుల వాకిట చేయి చాపకుండ కాపాడును. అట్లే అప్పు తెచ్చి ఆడంబరముగా చేసిన దానము దాసోహము కానేరదు. స్వకాయకమునుండి వేఱుచేసిన ఐదు వందలే దాసోహము.

నాలుగు నెలల తరువాత తల్లి మరల ఫోను చేసి నాలుగు వేలు అడిగెను. అతడు పుస్తకము చూచి, "ఇప్పుడు రెండు వేలు పంపుతానమ్మా, తక్కినవి ఒకటో తేదీన" అనెను. సొమ్ము సగమే, మాట మాత్రము పూర్తిగా నిజము.

అభ్యాసము

యువజనులు ముప్పది దినములు ఖర్చు వ్రాసి, ముప్పది యొకటవ దినమున పంపకము వ్రాసికొనవలెను. మొదటి పంపకము తప్పును. రెండవ నెల సవరింపవలెను, విడువరాదు. తలిదండ్రులు ఇంటి లెక్కను పిల్లలకు దాచక చూపవలెను. ఇంటి లెక్క నెఱిగి పెరిగిన బిడ్డ, తొలి జీతము నాడు తడబడడు.