పాలబండి అడుగు చెక్కలు: సంఘాలు తీసుకోవలసిన శ్రద్ధ

పాల క్యానును రోజూ కడుగుతాము, ఎండలో బోర్లిస్తాము. ఆ క్యానును మోసే బండి అడుగు చెక్కలను మాత్రము ఎవరూ పట్టించుకోరు. బల్క్ కూలర్లు పెట్టిన చోట్ల ట్యాంకరే వచ్చి పాలు తీసుకొని పోతున్నది. అయినప్పటికీ చిన్న గ్రామాల నుండి కూలరు వరకు క్యాన్లు చేర్చే పని చాలాచోట్ల చెక్క బాడీ వ్యానులదే. తిరుగు ప్రయాణములో అదే బండి సంఘానికి దాణా బస్తాలు తెస్తుంది. చెక్కల సంగతి ముఖ్యమైనది ఇందువల్లనే.

40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు దాటుతుంది. హమాలీ దానిని ఒక పక్కకు వంచి, అడుగు అంచు మీద దొర్లిస్తూ లోపలికి తీసుకుపోతాడు. బరువంతా ఆ అంచు మీద పడి చెక్కకు గాడి పడుతుంది. ఒలికిన పాలు గాడిలో నిలిచి పులుస్తాయి. ఆ పులుపుకు మేకులు తుప్పుపట్టి, చుట్టూ చెక్క నల్లబడి పట్టు వదులుతుంది. ఇంతకూ చెక్కను తినివేసేది తడి. తేమ నూటికి 20 పాళ్ల లోపు ఉన్నంతకాలము చెక్క కుళ్లదు.

చెక్కలు పాడవుతున్నవని కొందరు పైన రేకు పరచి మేకులు కొట్టిస్తున్నారు. చూడటానికి శుభ్రముగానే ఉంటుంది. కడిగిన నీరు రేకు కిందికి దిగి ఇక ఆరదు. మేము తనిఖీ చేసిన ఒక సంఘములో రేకు ఎత్తించి చూడగా కింది చెక్క తడిసిన అట్టవలె చేతికి ఊడి వచ్చినది. రేకుకు బదులు, క్యాన్లు జరిగే దిశలో, బండి పొడవునా ఇనుప పట్టీలు బోల్టులతో బిగించండి. చెక్కకూ చెక్కకూ నడుమ నీరు జారిపోవడానికి సన్నని సందు వదలండి. వెనుక డోరు దగ్గర, క్యాను దించి పెట్టే చోట, పాత టైరు ముక్క వేస్తే దెబ్బ సగము తగ్గుతుంది.

కడిగేటప్పుడు ముందు చన్నీళ్లు, తరువాత వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లు, చివర మంచినీళ్లు వాడాలి. ముందు చక్రాలు మెరక మీద ఉండేలా బండి నిలిపి, డోరు తెరిచి ఎండనివ్వాలి.

చెక్కకు వాడేసిన ఇంజను ఆయిలు పూయడము మన డ్రైవర్లకు అలవాటు. పాలబండికి ఇది తగదు. పాలు వాసనను ఇట్టే పట్టుకుంటాయి. వేసవిలో చెక్క బాగా ఎండిన తరువాత, పెయింటు దుకాణములో దొరికే కాచిన అవిసెనూనె పూసి పూర్తిగా ఆరనివ్వండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. విడదీసి ఆరుబయట పరచాలి.

ఇక దాణా. తడి చెక్క మీద వేసిన బస్తా అడుగున తేమ పీల్చుకుంటుంది. గిడ్డంగిలో దాని మీద నాలుగు బస్తాలు పడితే లోపల బూజు పడుతుంది. మొక్కజొన్న, వేరుసెనగ చెక్క, పత్తిచెక్కలలో పెరిగే ఒక రకము బూజు అఫ్లటాక్సిన్ బి1 అనే విషాన్ని పుట్టిస్తుంది. పశువు తిన్న ఒకటి రెండు రోజులలోనే అది ఎం1 రూపములో పాలలోకి దిగుతుంది. కాచినా, పాశ్చరైజు చేసినా పోదు. కిలో పాలలో 0.5 మైక్రోగ్రాము మించరాదని మన ఆహార భద్రతా నిబంధన. అంటే టన్ను పాలలో అర మిల్లీగ్రాము! కనుక దాణా ఎక్కించే ముందు చెక్కలు పొడిగా ఉన్నవో లేదో కార్యదర్శి స్వయముగా చేతితో తడిమి చూడాలి. బస్తాల కింద పొడి టార్పాలిను పరచి, దించగానే తీసివేయాలి. ఎరువులు, పురుగుమందులు ఆ బండిలో ఎక్కించనే కూడదు.

"బండి అద్దెది, చెక్కలు ఓనరువి, మనకేమిటండీ" అని ఒక అధ్యక్షులవారు మాతో అన్నారు. చెక్కలు ఓనరువే. దాణా సంఘానిది, తినే గేదె సభ్యునిది. అద్దె ఒప్పందములోనే కడగడము, ఆరబెట్టడము, చెక్కల మరమ్మతు ఎవరి బాధ్యతో వ్రాయించుకోండి.

నెలకొకసారి మేకుల చుట్టూ, మూలలలో స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి. సులువుగా దిగిపోతే ఆ చెక్క పని అయిపోయినట్లే. పక్క చెక్కకు పాకకముందే దానిని మార్చి, మేకులకు బదులు జింకుపూత బోల్టులు వేయించండి.