ఉక్కుకు పదును

తెలుగులో ‘పదును’ అను మాటకు రెండర్థములు కలవు. తొలకరి వానకు తడిసి నేల దుక్కికి అనువైనప్పుడు గోదావరి రైతు ‘పదునైనది’ అనును. కత్తి అంచు వాడిగా ఉన్నప్పుడు దానిని కూడ పదునైనదనియే అందుము. ఉర్దూలో ‘ఆబ్’ అనగా నీరు. కత్తి యొక్క మెఱుపునకు, వాడికి కూడ అదే పేరు. మేలైన కత్తిని ‘ఆబ్‌దార్’ అందురు. ఈ రెండు భాషలవారును ఉక్కు వాడిని నీటితో ముడిపెట్టిరి. ఇది కవుల కల్పన కాదు. కమ్మరి కొలిమి వద్ద పుట్టిన జ్ఞానము. అయితే నీరు చేయునది సగము పని మాత్రమే. మిగిలిన సగము నిప్పు చేయును. ఆ రెండవ సగమునే లోహశాస్త్రము టెంపరింగ్ అనుచున్నది. ఈ వ్యాసమునకు విషయమదియే.

మన పల్లెలలో కమ్మరి కొడవలిని చేయు విధము చూడుడు. ఇనుమును కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, పట్టకారుతో పట్టి, దాగలిపై సుత్తితో సాగగొట్టును. రూపము వచ్చిన పిదప అంచును మరల ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచును. ఇప్పుడా అంచు మిక్కిలి కఠినము. కాని దానితో వెంటనే వరి కోసినచో, గట్టున ఉన్న రాయి తగిలినంతనే పెంకువలె పెళుసుగా విరుగును. అందుచే అతడు దానిని మరల కొంచెముగా వేడిచేసి, అంచుపై రంగు మారుటను కనిపెట్టి, తగిన సమయమున చల్లార్చును. ఈ రెండవ వేడియే కొడవలిని పనిముట్టుగా చేయుచున్నది.

దీనికి కారణమేమి? ఉక్కు అనగా ఇనుములో కొద్దిపాటి కార్బన్ చేరిన లోహము. సుమారు 727 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడిచేసినప్పుడు ఇనుపపరమాణువుల అమరిక మారి, కార్బన్ అందులో సుఖముగా కరిగియుండును. మెల్లగా చల్లార్చినచో ఆ కార్బన్ వెలుపలికి వచ్చి, ఇనుముతో కలిసి కార్బైడు పొరలుగా ఏర్పడును. అట్టి ఉక్కు మెత్తన. హఠాత్తుగా నీటిలో ముంచినచో కార్బన్‌కు వెలుపలికి వచ్చు వ్యవధి ఉండదు. అది లోపలనే చిక్కుకొని స్ఫటికమును పెడగా సాగదీయును. ఈ స్థితికి, జర్మను శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీదుగా, మార్టెన్‌సైటు అని పేరు. కఠినత్వము, పెళుసుదనము రెండును దీని గుణములే. మరల 150 నుండి 650 డిగ్రీల మధ్య వేడిచేసినప్పుడు చిక్కుకొన్న కార్బన్ కొంత కొంతగా విడుదలయై అతిసూక్ష్మమైన కార్బైడు కణములుగా మారును. లోపలి ఒత్తిడి తగ్గును. వేడి హెచ్చినకొలది కఠినత్వము తగ్గును. మొత్తముమీద దెబ్బకు ఓర్చు గుణము పెరుగును. అయినను కొన్ని ఉక్కులలో సుమారు 250 నుండి 400 డిగ్రీల మధ్య పెళుసుదనము తిరిగి తలయెత్తును. కావున ఏ పనిముట్టుకు ఎంత వేడి అనునదే ఈ విద్యలో ముఖ్యము.

థర్మామీటరు లేని కమ్మరి ఈ వేడిని ఎట్లు కొలిచెను? రంగుతో కొలిచెను. మెఱుగుపెట్టిన ఉక్కును వేడిచేసినచో దానిపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడును. ఆ పొర మందమునుబట్టి కాంతి వేర్వేరు రంగులుగా కనిపించును. సుమారు 225 డిగ్రీల వద్ద లేత గడ్డిరంగు, 255 వద్ద గోధుమరంగు, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలము. మంగలికత్తికి గడ్డిరంగు చాలును. స్ప్రింగుకు నీలము వలయును. నీటిపై తేలు నూనెచుక్క రంగులకు కారణమైన కాంతి ధర్మమే ఇచ్చట కూడ పనిచేయుచున్నది.

ఈ విద్యలో తెలుగుదేశమునకు ప్రాచీన కీర్తి కలదు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమున చిన్న మట్టిమూసలలో ఉక్కును కరిగించు పద్ధతిని వాయిసీ అను ఆంగ్లేయుడు చూచి వ్రాసిన వ్యాసము 1832లో అచ్చయినది. పారశీక వర్తకులు అచ్చటికి వచ్చి ఆ ఉక్కును కొని తమ దేశమునకు కొనిపోవుచుండిరి. పారశీకమున ‘పూలాద్’ అన్నను, ఉర్దూలో ‘ఫౌలాద్’ అన్నను ఉక్కే. ఐరోపావారు దీనిని ‘ఊట్జ్’ అనిరి. ఆ పేరు ‘ఉక్కు’ నుండియే పుట్టినదని పలువురి అభిప్రాయము. మైకేల్ ఫారడే అంతటివాడు 1819 మొదలు కొన్ని సంవత్సరములు ఈ ఉక్కుపై పరిశోధనలు చేసెను. మన సామర్లకోట వృక్షవాటికను పర్యవేక్షించిన బెంజమిన్ హైన్ కూడ 1814లో ప్రకటించిన గ్రంథమున ఈ దేశపు ఇనుప కొలుములను వర్ణించెను.

నేటి కొలిమి విశాఖపట్టణమున ఉన్నది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారమున ఇండ్లకు వాడు టి.ఎమ్.టి. కమ్ములు తయారగుచున్నవి. మరల వేడిచేయకయే టెంపరింగ్ జరుగుట వీనిలోని విశేషము. రోలింగు మిల్లు నుండి ఎఱ్ఱగా వెలువడిన కమ్మిపై కొద్ది క్షణములు నీటిధార వేగముగా పడును. పైపొర కఠినమగును; లోపలి భాగము ఇంకను ఎఱ్ఱగానే ఉండును. ఆ లోపలి వేడి వెలుపలికి ప్రాకి, కఠినమైన పైపొరను తానే పదునుపఱచును. కమ్మిని అడ్డముగా కోసి, నునుపుచేసి, నైట్రిక్ ఆమ్లము కలిపిన ఆల్కహాలుతో తడిపినచో చుట్టును నల్లని వలయము, నడుమ తెల్లని భాగము కనబడును. ఆ వలయమే బలము. ఆ నడిమి భాగమే వంగు గుణము.

ఇది తెలిసినవాడు కొన్ని పొరపాట్లు చేయడు. కమ్మి వంగుటలేదని దానిని నిప్పులో ఎఱ్ఱగా కాల్చి వంచినచో ఆ వలయము చెడి, అచ్చట బలము తగ్గును. పైపొరను లేతుపై చెక్కివేసినను అంతే. 1996 నవంబరు తుపానును చూచిన కోనసీమలో గట్టి యింటి విలువను వేరుగా చెప్పనక్కఱలేదు. అట్లే కొడవలిని, ఉలిని సానచక్రముపై గట్టిగా ఒత్తి నూరునప్పుడు అంచు నీలమైనచో ఆ మేర పదును పోయినదని గ్రహింపవలెను. మాటిమాటికి నీటిలో ముంచుచు నూరుట మేలు. అయితే ప్రతి ఉక్కునకు ఈ సంస్కారము అక్కఱలేదు. రాజమహేంద్రవరమున 1974లో పూర్తయిన రోడ్డు రైలు వంతెన వంటి నిర్మాణములలోని దూలములకు కార్బన్ తక్కువగు ఉక్కు చాలును. వాని బలము వాని కూర్పులో ఉన్నది.

విద్యార్థి మిత్రులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. మూడు కుట్టుసూదులు, ఒక బర్నరు, పట్టకారు, గరుకు కాగితము, కన్నులకు అద్దాలు చాలును. మూడింటిని ఎఱ్ఱగా కాల్చుడు. ఒకదానిని గాలిలో మెల్లగా చల్లార్చిన అది తీగవలె వంగును. రెండవదానిని నీటిలో ముంచిన అది పుటుక్కున విరుగును. మూడవదానిని ముంచి, మెఱుగుపెట్టి, నీలమగువఱకు మెల్లగా వేడిచేసిన అది వంగి తిరిగి నిలుచును. కళాశాల యాజమాన్యమువారు విజ్ఞానశాస్త్ర సంఘమునకు ఈ స్వల్ప సామగ్రిని సమకూర్చి, ఊరిలోని ఒక కమ్మరిని ఆహ్వానించి ప్రదర్శన ఏర్పాటు చేసినచో, పుస్తకములోని మార్టెన్‌సైటును, కొలిమిలోని పదునును ఒకే పూట చూడగలుగుదుము. ఆ పనివాడు తరతరములుగా చేతితో నేర్చినదానికి మనము కారణమును చెప్పగలము; మనము చదివినదానికి అతడు రూపమును చూపగలడు.