ఐదు చదరముల ఉన్ని టోపీ

పెన్న యొడ్డున నున్న హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల యెత్తున నున్నది. కావుననే మార్గశిర పుష్య మాసములందు తెల్లవారుజామున ఇచట చలి గట్టిగా నుండును. పెనుగొండ కొండనీడనున్న పల్లెలలోను అంతియే. ధర్మవరము కొంత పల్లమున నుండుటచే అచట చలి తక్కువయే గాని, ప్రొద్దుననే రైలెక్కి వచ్చు పిల్లల చెవులకు ఆ భేదము తెలియదు. బజారులో టోపీలు చవుకగా దొరకుచుండగా అల్లుట యెందులకని తలిదండ్రులు కొందఱు మమ్ము అడుగుచుందురు. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము ఈ పాఠమునందే కొంత కలదు. ముందుగా టోపీ నల్లుదము.

మేమిచట చెప్పబోవు అల్లిక క్రోషే అనునది. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న కొక్కెమని యర్థము. స్వెటరు అల్లువారికి రెండు సూదులు కావలయును; వాటిపై పదుల కొలది ఉచ్చులు ఒకేమారు నిలిచియుండును. ఒకటి జాఱినచో క్రిందిదాక నిచ్చెన పడును. క్రోషేలో సూది యొక్కటే, దానిపై ప్రాణముతో నుండు ఉచ్చు గూడ తఱచుగా ఒక్కటే. తప్పు జరిగినచో సూది తీసి దారము లాగినయెడల తప్పు దొరకువఱకు ఊడివచ్చును, మరల అచటినుండి అల్లుకొనవచ్చును. క్రొత్తగా నేర్చుకొను చేతులకు ఇంతకంటె దయగల పని వేఱొకటి లేదని మా యభిప్రాయము. ధర్మవరపు మగ్గముపై వేలకొలది పడుగు పోగులు బిగించిన తరువాతగాని నేత మొదలు కాదు. ఇచట బిగించునది యేదియును లేదు, ఎడమచేతి చూపుడువ్రేలే మగ్గము.

ఈ టోపీకి మూలము ఒక చదరపు ముక్క. ఇంగ్లీషువారు దీనిని గ్రానీ స్క్వేర్ అందురు, అనగా అవ్వ చదరము. ఇండ్లలో మిగిలిన రంగురంగుల ఉన్ని కొసలను పాఱవేయక ముసలివారు ముక్కలుగా అల్లి, వాటిని జతచేసి దుప్పట్లు కుట్టుకొనెడివారు. 1885వ సంవత్సరమున అమెరికాలో ‘ప్రెయిరీ ఫార్మర్’ అను వ్యవసాయ పత్రికలో దీని నమూనా అచ్చయినది. మన అవ్వలు పాత చీరలతో బొంతలు కుట్టుట చూచినవారికి ఇందలి బుద్ధి క్రొత్తది గాదు.

కావలసిన వస్తువులు స్వల్పము. నడితరము లావుగల ఉన్ని 100 గ్రాములు కొన్నచో టోపీ కాగా కొంత మిగులును. 4 మిల్లీమీటర్ల క్రోషే సూది యొకటి, మొద్దుమొన గల లావు సూది యొకటి, కొలబద్ద, కత్తెర. అంగడిలో ‘ఊలు’ అని యమ్మునది చాలవఱకు గొఱ్ఱెబొచ్చు గాదు, ఆక్రిలికు దారము. అది ఉతుకుటకు సులువు. మన ప్రాంతపు కురుబవారు నేయు కంబళ్ళ ఉన్ని వెచ్చగా నుండునుగాని మిక్కిలి గరుకు. భుజముపై కప్పుకొనుటకు అది మేలు. నుదుటికి తగిలినచో పిల్లలు ఒక్క గడియ యుంచుకొనరు.

కుట్లు నాలుగు. సూదిపై ఉచ్చు వేసి, దారమును కొక్కెముతో పట్టి ఉచ్చులోనుండి లాగినది గొలుసు కుట్టు. సూదిని ఒకచోట గ్రుచ్చి, దారమును లాగుచు అదే యూపున సూదిమీది ఉచ్చులోనుండి గూడ తీసినచో అది జాఱుకుట్టు. ఇది కలుపుటకు మాత్రమే. గ్రుచ్చి దారము లాగగా సూదిపై రెండు ఉచ్చులుండును. మరల దారము పట్టి రెంటిలోనుండి ఒకేమారు లాగినది పొట్టి కుట్టు. ఇక ముఖ్యమైనది పొడుగు కుట్టు. ముందు దారమును సూదిపై ఒక చుట్టు చుట్టి, గ్రుచ్చి లాగవలెను; సూదిపై మూడు ఉచ్చులగును. దారము పట్టి రెంటిలోనుండి లాగవలెను, మరల పట్టి మిగిలిన రెంటిలోనుండి లాగవలెను. దీనిని చేయి తడుముకొనకుండ వచ్చువఱకు పాత నూలుతో సాధన చేయుట మంచిది.

ఇప్పుడు చదరము. నాలుగు గొలుసులు వేసి జాఱుకుట్టుతో ఉంగరముగా కలుపుము. మొదటి చుట్టు: మూడు గొలుసులు వేయుము, ఇవి యొక పొడుగు కుట్టుగా లెక్కకు వచ్చును. ఉంగరములోనికి ఇంకను రెండు పొడుగు కుట్లు వేసిన మూడింటి గుత్తి యొకటి యగును. తరువాత రెండు గొలుసులు, ఇది మూల. ఇట్లే మూడు గుత్తులు, ప్రతిదాని పిమ్మట రెండు గొలుసులు వేసి, మొదటి మూడు గొలుసుల కొనతో కలుపుము. నాలుగు గుత్తులు, నాలుగు మూలలు గల చిన్న చదరము కనబడును. రెండవ చుట్టున ప్రతి మూలసందులోను ఒక గుత్తి, రెండు గొలుసులు, మరల ఒక గుత్తి వేయవలెను. మూలకు మూలకు నడుమ ఒక గొలుసు. మూడవ చుట్టునుండి మూలలలో ఇదే విధముగా చేయుచు, ప్రక్కలనున్న ఒక్కొక్క సందులో ఒక్కొక్క గుత్తి వేసి, గుత్తికి గుత్తికి నడుమ ఒక గొలుసు విడువవలెను. ఎల్లప్పుడును సందులలోనే గ్రుచ్చవలెనుగాని కుట్ల తలలపై గాదు. మూలలో రెండవ గుత్తిని మఱచుట క్రొత్తవారి సాధారణపు పొరపాటు. మూల వేయని చదరము గిన్నెవలె ముడుచుకొనును, కావున తప్పు దానంతటదియే బయటపడును.

రంగు మార్చదలచినచో చుట్టు ముగియగానే దారమును నాలుగు వ్రేళ్ళంత కొస విడిచి కత్తిరించి, క్రొత్త దారమును ఏదేని మూలలో ప్రారంభింపుము.

లెక్కలు నేర్చు పిల్లలు ఇచట ఒక సంగతి గమనింతురుగాక. మొదటి చుట్టున 12 పొడుగు కుట్లు, రెండవదానిలో 24, మూడవదానిలో 36. అనగా ప్రతి చుట్టునకు 12 పెరుగును. అయిదు చుట్లకు మొత్తము 180. టోపీకి అయిదు చదరములు గావున 900 పొడుగు కుట్లు.

అయిదు చుట్లే యెందులకు? తల చుట్టుకొలత 21 అంగుళములున్నదనుకొందము. అల్లిక సాగునది గావున ఒక అంగుళము తగ్గించి 20గా తీసికొనవలెను. టోపీకి చుట్టును నాలుగు చదరములు, నెత్తిపై ఒకటి. ఇరువదిని నాలుగుతో భాగింపగా ఒక్కొక్క చదరపు భుజము 5 అంగుళములు. ఈ దారముతో అయిదు చుట్లకు ఇంచుమించు ఆ కొలత వచ్చును. తక్కువైనచో కొంచెము లావు సూది, ఎక్కువైనచో సన్న సూది తీసికొనుము. చిన్న పిల్లల తల 19 అంగుళములైనచో భుజము నాలుగున్నర. నెత్తిపై చదరపు చుట్టుకొలతయు నాలుగు భుజములే, క్రింది నాలుగు చదరముల చుట్టును నాలుగు భుజములే. కావున ఎచటను కుట్లు పెంచుటగాని తగ్గించుటగాని లేకయే రెండును సరిపోవును. గుండ్రని టోపీ యల్లువారికి ఈ సుఖము లేదు.

జతచేయుట: నాలుగు చదరములను వరుసగా కుట్టి, కొసలు కలిపి వలయము చేయవలెను. అయిదవదానిని పైన మూతవలె కుట్టవలెను. మంచి ముఖములు లోపల ఒకదానికొకటి ఎదురుగా నుంచి మొద్దు సూదితో కుట్టినచో అతుకు లోపలికి పోవును. అతుకులు సరిగా పడినవో లేదో తెలిసికొను విధమిది: అయిదు చదరములకు అంచులు 20. నిలువు అతుకులు నాలుగు, పై అతుకులు నాలుగు. ఒక్కొక్క అతుకునకు రెండేసి అంచులు చొప్పున 16 పోగా మిగిలిన నాలుగే నుదుటి అంచు. ఆ అంచు చుట్టును పొట్టి కుట్లతో మూడు నాలుగు చుట్లు వేయవలెను. భుజమునకు 15 కుట్ల తలలు, 4 సందులు, 2 మూలలు, వెరసి 21. నాలుగు భుజములకు 84 కుట్లు. టోపీ పెట్టుకొన్నప్పుడు పై నాలుగు మూలలు పిల్లిచెవులవలె కొంచెము నిక్కును. మా తరగతి బాలురకు మొదట అది నవ్వుగానే యుండెను, తరువాత వారే తమకును కావలెనని యడిగిరి.

ఇప్పుడు తలిదండ్రుల ప్రశ్నకు వత్తము. మన రాష్ట్రముననే పశ్చిమగోదావరి జిల్లా నరసాపురము ప్రాంతమున ఈ కొక్కెపు సూదితోనే సన్నని నూలు లేసు అల్లుదురు. 19వ శతాబ్దమున మిషనరీ కుటుంబముల స్త్రీలు పేద స్త్రీలకు నేర్పిన పని యది. ఐర్లండులోను 1845 తరువాతి కఱవున ఇట్టి లేసు అల్లియే యెన్నో కుటుంబములు గంజి త్రాగినవి. నరసాపురపు లేసు దేశదేశములకు పోయినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు గూడ లభించినది. అయినను 1982లో మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ స్త్రీలనుగూర్చి వ్రాసిన గ్రంథమున తేలిన సంగతి యేమనగా, దినమంతయు అల్లువారిని ఎవరును కార్మికులుగా నెంచలేదు. ఇంటి ఆడువారు తీరికవేళ చేయు కాలక్షేపమని దానికి పేరు పెట్టిరి. ఆ పేరుచేతనే కూలి యతిస్వల్పమయ్యెను, అమ్మకపు లాభము వర్తకులకు చేరెను. ఆ చేతిపని నేర్పినవారి మేలు మఱువదగినది గాదు. కాని పనితోపాటు దాని వెలను కట్టుట నేర్పకపోవుట పెద్ద లోపమని మేము తలచుచున్నాము. నిజమైన క్రోషే అల్లు యంత్రము నేటికిని వాడుకలో లేదు. ఎచట చూచినను అది యొకరి చేతిపనియే. చవుక టోపీపై ఈ అల్లిక కనబడినచో, ఎవరో కొందఱు తక్కువ కూలికి చేసిరనియే యర్థము.

కావున ఈ సంవత్సరము అల్లు బాలబాలికలందఱును ఒక చీటీ యుంచుకొనవలెను. కూర్చున్నప్పుడు గడియారము చూచి వేళ వ్రాయుడు, లేచునప్పుడు మరల వ్రాయుడు. ఊడదీసిన కాలమును గూడ విడువకుడు. టోపీ ముగిసిన పిదప గంటలు కూడి, మీ వీథిలో పెద్దలకు దొరకు దినకూలి లెక్కన వెలకట్టి, దారపు ఖరీదు చేర్చుడు. ఆ మొత్తమును ఇంటిలో అందఱికిని చదివి వినిపింపుడు. టోపీని చల్లని నీటిలో పిండకుండ ఒత్తి, బోర్లించిన గిన్నెపై నీడన ఆఱబెట్టి, చీటీతో కూడ డిసెంబరు మొదటివారమున చేతిపని తరగతికి తీసికొని రావలెను.