యజమాని ఒక్కడు, వాడుకొనువారు పలువురు

తొలకరి వాన పడిన పిదప నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు నల్లరేగడి నేలలలో పదును నిలుచునది కొలది దినములు మాత్రమే. ఆ దినములలోనే గొర్రు తోలవలెను. ఎద్దుల జత ఒక్కరికి ఉండి, దానిని అడిగి తెచ్చుకొనువారు ముగ్గురు నలుగురు ఉన్నచో, అందఱికిని అది ఒక్కనాడే కావలసి వచ్చును. ట్రాక్టర్లు వచ్చిన పిదప ఎద్దుల జతలు తగ్గినవి. అయినను మొలచిన పైరు సాళ్ల నడుమ గుంటక తోలుటకు, బురద దారిలో బండి కట్టుటకు వానిని వెదకువారు ఇంకను కలరు. జతలు తగ్గిన కొలది ఒక్కొక్క జతపై ఆధారపడువారు పెరుగుదురు. తగవు పుట్టునది ఇచ్చటనే. అది తుదకు పంచాయతీ సభ్యుని యింటి అరుగు మీదికి వచ్చును.

ఇది క్రొత్త తగవు కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములో ఒకరి సొత్తు మఱియొకరి చేతికి వచ్చినపుడు ఉభయుల బాధ్యతలను 148వ సెక్షను మొదలుకొని వివరించియున్నారు. అందు పలుచోట్ల ఉదాహరణముగా తీసికొన్నది గుఱ్ఱమునే. గుఱ్ఱము అని యున్నచోట ఎద్దు అని చదువుకొన్నను న్యాయము మారదు.

ఒకడు తన గుఱ్ఱమును నీవు మాత్రమే ఎక్కుమని వేఱొకనికి ఇచ్చెను. అతడు తన యింటివానిని ఎక్కనిచ్చెను. ఆ యింటివాడు జాగ్రత్తగనే తోలెను, కాని దైవవశమున గుఱ్ఱము పడి గాయపడినది. నష్టము ఎవరిది? తీసికొన్నవానిదే అని 154వ సెక్షను చెప్పుచున్నది. అదే సెక్షనులో మఱియొక ఉదాహరణము కలదు. కలకత్తాలో కాశీ ప్రయాణమునకని గుఱ్ఱమును బాడుగకు తీసికొన్నవాడు కటకమునకు పోయెను. దారిలో గుఱ్ఱము పడినది. ఇచ్చటను జాగ్రత్తగా తోలితినను మాట అతనిని కాపాడదు. మన గ్రామములలో జరుగునది తఱచుగా ఇదియే. గుంటక తోలుటకని తెచ్చిన ఎద్దులను సాయంత్రము ఇసుక బండికి కట్టుదురు; లేదా బావమఱది చేనికి పంపుదురు. మాట ఇచ్చిన పనికి మించి, మాట ఇచ్చిన మనిషిని దాటి వాడినచో, ఆపైన జరిగిన ప్రతి నష్టమును వాడినవాని మెడకే చుట్టుకొనును. చెప్పిన పనికే వాడి, తన సొంత ఎద్దును చూచుకొన్నట్లు చూచుకొన్న పిదప కూడ అది జబ్బుపడినను చచ్చినను, వేఱు ఒడంబడిక లేనిచో అతని తప్పు లేదు. ఇది 151, 152 సెక్షనుల సారాంశము.

యజమానికిని బాధ్యత కలదు. పొగరు గుఱ్ఱమని యెఱిగియు చెప్పక ఇచ్చి, అది రౌతును పడద్రోసినచో, గాయమునకు ఇచ్చినవాడే బాధ్యుడని 150వ సెక్షను. ఊరక ఇచ్చినపుడు తనకు తెలిసిన దోషమునకే అతడు బాధ్యుడు. బాడుగ పుచ్చుకొన్నచో తెలియని దోషమునకు కూడ బాధ్యుడగును. కావున పొడుచు ఎద్దును, ట్రాక్టరు చప్పుడునకు బెదరు ఎద్దును ఇచ్చునపుడు ఆ సంగతి నలుగురి యెదుట చెప్పుట యజమానికే క్షేమము.

ఇక పంపకము. మొదటి పాలు యజమానిదియు కాదు, అడిగినవారిదియు కాదు, పశువుది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము పశువును శక్తికి మించి తోలుటను, తగని స్థితిలో పనిలో పెట్టుటను నేరముగా ఎంచినది. దానిక్రింద 1965లో చేసిన నియమములు బండిలాగు, బరువుమోయు పశువులకు కొలతలు పెట్టినవి. దినమునకు మొత్తము తొమ్మిది గంటలకు మించరాదు. విరామము లేక ఐదు గంటలకు మించరాదు. వేడి 37 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన చోట మధ్యాహ్నము 12 నుండి 3 గంటల వఱకు కట్టనే కూడదు. మన వేసవిలో ఈ వేడి దాటని దినము అరుదు. మడకకు, గుంటకకు కూడ ఈ కొలతలనే పెట్టుకొనుట మంచిది. ముగ్గురు రైతులు తలకు నాలుగు గంటలు పంచుకొన్నచో వారి దృష్టిలో అది సమానమే. ఎద్దునకు మాత్రము పండ్రెండు గంటలు!

రెండవది ఖర్చు. తగవులలో పెక్కింటికి మూలమిదియే గనుక కొంత నిలిచి చూడవలెను. ఎద్దులను తెచ్చుకొన్నవాడు ఆ పూట జొన్నసొప్ప వేసి, కొన్ని ఉలవలు పెట్టి, తన ఋణము తీఱినదనుకొనును. అది పనిదినపు మేత మాత్రమే. ట్రాక్టరు నిలిచియున్నపుడు డీజిలు త్రాగదు. ఎద్దు నిలిచియున్నను తినును. లెక్క తెలియుటకై, ఒక జతకు దినమునకు మేత, దాణా 300 రూపాయలు అగుననుకొందము. ఏడాదికి 1,09,500 రూపాయలు. ఆ జత ఏడాదిలో 100 దినములు పనిచేసినచో, ఒక్కొక్క పనిదినమునకు పడిన మేత ఖర్చు 1,095 రూపాయలు. ఒక్కపూట మేత వేసినవాడు మోసినది 300. తక్కిన 795 యజమాని మోయుచున్నాడు. యజమాని 60 దినములు, తక్కినవారు 40 దినములు వాడినచో వారి వంతు 43,800, అతని వంతు 65,700 అగును. లాడములు, పగ్గములు, మందులు, ఏటేట తగ్గు ఎద్దుల వెల ఇందు చేరలేదు.

అంతయు రాబట్టవలెనని చెప్పుట నా అభిప్రాయము కాదు. పేడ యెరువు యజమాని దిబ్బకే చేరును. అమ్ముకొను హక్కును అతనిదే. ఎద్దులున్న యింటికి ఊరిలో ఒక పరువు కూడ కలదు. అందుచేత కొంత తగ్గించుట న్యాయమే. ఎంత తగ్గించుచున్నారో ఉభయులకు తెలిసి తగ్గింపవలెను. రొక్కము లేనివాడు సొప్పగానో, కలుపు కూలిగానో చెల్లింపవచ్చును. కాని ఒక దినపు ఎద్దుల పనికి ఎన్ని దినముల కూలి అను మాట ముందే తేల్చుకొననిచో, ఇచ్చినవాడు తక్కువ వచ్చినదనియు, చేసినవాడు ఎక్కువ చేసితిననియు తలంతురు. ఇద్దఱును నిజాయితీపరులే కావచ్చును.

మూడవది వంతులు. ఏటేట కనుమనాడు అహోబిలము నుండి పారువేట పల్లకి బయలుదేరి, నలుబది దినములకు పైగా ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలలో తిరుగును. ఏ నాడు ఏ ఊరికి వచ్చునో ముందే ఏర్పడియుండుట చేత ఆ యా ఊళ్లవారు దానికి తగినట్లు సిద్ధపడుదురు. ఎద్దుల వంతులను కూడ ఇట్లే వాన రాకముందే నిర్ణయింపవలెను. దినములను తలసరిగా పంచుట కంటె ఎకరముల లెక్కన పంచుట మేలు. ఎఱ్ఱనేల త్వరగా ఆరును, రేగడి కొంత నిలుచును. కనుక తొలి వంతు ఎఱ్ఱనేలవానికి ఇచ్చుట వివేకము. నేల ఒక్కతీరుదైనచో తొలి వంతు ఏటేట మారవలెను. వాన పడి పని ఆగిన దినము వంతులో చేరునా, లేదా అనునది కూడ చెప్పుకొనవలెను. చిన్నమాటగా తోచును గాని చేతికఱ్ఱలు లేచునది దీనికొఱకే.

నడుమ యజమాని మనసు మార్చుకొన్నచో? ఊరక ఇచ్చిన సొత్తును గడువునకు ముందే తిరిగి అడుగు హక్కు అతనికి కలదు. కాని ఆ గడువును నమ్మి విత్తనము తడిపి, కూలీలను పిలిచికొన్నవానికి, పొందిన లాభమునకు మించి నష్టము కలిగినచో, ఆ మించిన మేరకు ఇచ్చుకొనవలెనని 159వ సెక్షను. అటులనే గడువు దాటినను తోలుకొనిరానివాని తప్పుచే ఆపైన కలిగిన నష్టము అతనిదే (161వ సెక్షను). ఆవునో, ఆడుగుఱ్ఱమునో సాకుటకు ఇచ్చినచో, వేఱు మాట లేనపుడు పుట్టిన పిల్ల యజమానిదే (163వ సెక్షను). మన పల్లెలలో పాలికిచ్చు ఆచారము వేఱుగా నుండును గనుక, ఆ ఆచారమునే కాగితముపై పెట్టుకొనవలెను.

ఇట్టి తగవులలో డిక్రీ ఇచ్చు అధికారము నేటి గ్రామపంచాయతీకి లేదు. సభ్యుడు తీర్పరి కాడు. ముందుగా మాటలు కుదిర్చి, సాక్షి సంతకము చేయగలవాడు. ఒక్క పుట కాగితము చాలును. పశువు గుఱుతులు, ఉన్న దోషములు, ఏ పనికి, ఎవరి చేత, ఎన్ని గంటలు, మేత లెక్క, వంతుల క్రమము, జబ్బు చేసినపుడు పశువైద్యుని ఎవరు పిలువవలెను, ఆ ఖర్చు ఎవరిది అను సంగతులు అందుండవలెను. చేతులు మారునప్పుడెల్ల మెడపుండ్లు, గిట్టలు ఇద్దఱును చూచుకొనవలెను. మెడ కొట్టుకొనిపోయిన తరువాత అది ఎవరి వంతులో జరిగినదో చెప్పుట ఎవరి తరమును కాదు. ఈ కాగితమును ఉగాదికి వ్రాసికొన్నచో ఏరువాక పున్నమకు రెండు నెలలకు పైగా వ్యవధి యుండును. ఇష్టము లేనివాడు ఆ లోపల వేఱు జతనో, ట్రాక్టరునో చూచుకొనగలడు.